మానుట యను మాట

తెలుగున 'మానుట' యను క్రియకు రెండర్థములు గలవు. పుండు మానును, మనుష్యుడు త్రాగుడు మానును. మొదటిది స్వస్థత, రెండవది విరమణ. ఈ రెంటికిని వేర్వేరు క్రియలను వాడు భాషలు లోకమున పెక్కులున్నవి. మన పూర్వులు రెంటిని ఒక్క మాటతోనే నిర్వహించిరి. ఇది శబ్దముల యాదృచ్ఛిక సంయోగమో, అనుభవము పండి యేర్పడిన సంకేతమో శాబ్దికులు తేల్తురు గాక. మాకు మాత్రము అందొక వైద్యసూత్రము గోచరించుచున్నది. పుండు ఒక్క గడియలో మానదు. లోపలినుండి మెల్లమెల్లగా పూడును. పైన పక్కు గట్టును. ఒక్కొక్కప్పుడు దెబ్బ తగిలి రేగును. మరల మందు వేసిన మరల మానును. రేగిన పుండును జూచి 'నీవు మోసగాడవు' అని రోగిని దూషించువాడు లేడు. త్రాగుడు మానువాని విషయమున మాత్రము మనమందరమును అట్లే దూషించుచున్నాము.

వ్యసనమునుండి తేరుకొనువానికి వైద్యుడు తోడుండునది కొన్ని దినములు. ఆ మీదట ఏండ్ల తరబడి తోడుండునవి ఇంటివారి మాటలు, వాడకట్టువారి మాటలు, పనిచోటి మాటలు. అట్టివానిని మన సంఘము ఏ పేర్లతో పిలిచినది, ఆ పేర్ల వలన ఏ మేలు, ఏ కీడు కలిగినది యను విషయమును చరిత్రక్రమమున విచారింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. విచారమునకు ఆధారముగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతమును గైకొంటిమి. ఏలయన త్రాగుటకును మానుటకును సంబంధించిన మాటలన్నియు అచ్చట నొక్కచోట వినవచ్చును.

ఈ మూడు పట్టణములును మునుపు కరీంనగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాల యొక జిల్లాయు, రాజన్న సిరిసిల్ల యొక జిల్లాయు నైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. సిరిసిల్ల మరమగ్గముల ఊరు. అచ్చట రేయింబవళ్లు వంతులువారీగా, వంతునకు పండ్రెండేసి గంటలు, మగ్గము ముందు నిలువబడు కార్మికులున్నారు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతమున బీడీలు చుట్టి సంసారము లీదు స్త్రీలు వేలకొలది. వారి మగవారిలో పెక్కురు గల్ఫు దేశములకు వలసపోయి, రెండేండ్లకో మూడేండ్లకో ఒకమారు ఇల్లు చేరువారు. ఊరి వెలుపల తాటివనములు, ఈతవనములు. కల్లు ఇచ్చట కేవలము మత్తుపదార్థము కాదు. గ్రామదేవతకు పోయు సాక, చుట్టమునకు చేయు మర్యాద, గీతకార్మికునకు కూడు. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పర్యవేక్షణ ప్రకారము తెలంగాణమున పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి 43 మంది మద్యము పుచ్చుకొనువారు. దేశమునందలి పెద్ద రాష్ట్రములలో ఇదియే అధికము. అందరును వ్యసనపరులు కారు. అయినను వ్యసనమునకు చిక్కినవారు తక్కువ మంది కారు.

మొదట ప్రభుత్వముల మాటను జూతము. నిజాము రాజ్యమున మద్యపు వ్యవహారమునకు 'ఆబ్కారీ' యని పేరు. 'ఆబ్' అనగా పారసీకమున నీరు; 'కారీ' అనగా పని. సర్కారు ఖజానాకు వచ్చు పెద్ద రాబడులలో నొకటి ఈ 'నీటిపని' వలననే వచ్చెడిది. ఫసలీ 1316, అనగా క్రీస్తుశకము 1907 ప్రాంతమున హైదరాబాదు ఆబ్కారీ శాసనము పుట్టినది. రాజ్యములు మారినను ఆ మాట మాత్రము మన పల్లెల నోట నేటికిని నిలిచియున్నది. తరువాత ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1980ల దశాబ్దమున తానే సారాయిని పొట్లములలో నింపి ఊరూర నమ్మించినప్పుడు ఆ పథకమునకు 'వారుణి వాహిని' యని నామకరణము చేసెను. సముద్రమథనమున బుట్టిన దేవత పేరు ప్లాస్టిక్కు పొట్లమున కెక్కినది. నేడు తెలంగాణమున మద్యముపై పన్ను వసూలు చేయు శాఖ పేరులో మద్యనిషేధము, ఆబ్కారీ యను రెండు మాటలును ఒకే పలకపై పక్కపక్కన నున్నవి. ఇక జనులు సీసాలోని మద్యమునకు పెట్టుకొన్న ముద్దుపేరు 'మందు'. రోగము కుదుర్చునదియు మందే, రోగము తెచ్చునదియు మందే.

వస్తువునకును, అమ్మకమునకును ఇన్ని మర్యాదలు జరుగగా, త్రాగినవానికి జరిగిన మర్యాద యెట్టిది? 'త్రాగుబోతు' అన్నారు. దున్నపోతు, మేకపోతు అనుచోట మగపశువును చెప్పు శబ్దమే ఇందును వినువాని చెవిని బడుచున్నది. అమ్మువానికి దేవభాష, త్రాగువానికి పశుభాష. ఈ పక్షపాతము మన నిఘంటువులలో కూర్చుండి తరతరములుగా పని చేయుచున్నది. 'త్రాగినాడు' అనుట ఒక పనిని చెప్పుట. 'త్రాగుబోతు' అనుట జన్మను చెప్పుట. పనిని విడువవచ్చును, జన్మను విడుచుట యెట్లు?

పండితులు వాడు 'వ్యసనము' అను మాటకు సంస్కృతమున మొదటి అర్థము ఆపద. ఆపదలో నున్నవానిని చేయి పట్టి లేపవలెనే గాని తన్నరాదు గదా. ఆ మాట క్రమముగా దురలవాటు అను అర్థమునకు దిగి, అందున్న జాలి జారిపోయినది. మనుస్మృతి సప్తమాధ్యాయమున కామజములు పది, క్రోధజములు ఎనిమిది వ్యసనములను చెప్పి, వానిలో ఏడింటిని మిక్కిలి చెడ్డవిగా వేరుపరచినారు. అవియే లోకమున సప్తవ్యసనము లనబడుచున్నవి: పానము, జూదము, స్త్రీలోలత, వేట, కఠినముగా దండించుట, ధనమును పాడుచేయుట, వాక్పారుష్యము. వాక్పారుష్య మనగా పరుషముగా మాటలాడుట. అనగా త్రాగినవాడెంత వ్యసనపరుడో, వానిని నడివీధిని నిలిపి 'ఓరీ త్రాగుబోతా' అని కేకలు వేయువాడును అంతటి వ్యసనపరుడే యని ఆ గ్రంథమే చెప్పుచున్నది! మనువు చెప్పినవన్నియు మాకు సమ్మతములు కావు; కాని ఆయన పేరు చెప్పి పరులను దూషించువారు ఈ లెక్కను గూడ చదువుకొందురు గాక.

పేరు మార్చిన మనిషి మారునా యని నవ్వువారు కలరు. వారికి హైదరాబాదు రాజ్యచరిత్రలోనే సమాధాన మున్నది. భాగ్యరెడ్డివర్మ (1888-1939) 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అంటరానివారని సంఘము వెలివేసిన తన జనులలో హరికథల మూలమున విద్యను, శుచిని, మద్యపాన విసర్జనమును బోధించెను. పెండ్లిలోను, పండుగలోను కల్లు, సారాయి వలదని ఇల్లిల్లు దిరిగి చెప్పెను. ఆయనయే 1917లో బెజవాడ యందు జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడై, 'పంచమ' శబ్దమునకు ఆధారము లేదనియు, తామీ దేశపు ఆదివాసులమనియు వాదింపగా, ఆ సభ ఆదియాంధ్ర మహాసభ యైనది. ఈ రెండు పనులను ఒక్క మనుష్యుడు ఒకే ఉద్యమముగా నడపుటలో గొప్ప భావమున్నది. ఎవ్వరో తగిలించిన హీనమైన పేరును మోయువానికి 'నీవు బాగుపడుము' అను బోధ యెక్కదు. ముందు తల యెత్తుకొన దగిన పేరు కావలెను. తల యెత్తినవాడే తన అలవాటును తాను చూచుకొనగలడు.

నాలుగేండ్ల తరువాత, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధని మందిరమున సంఘసంస్కార సభ జరుగుచుండగా ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచిరి. సభలోని ఇతర భాషలవారు గేలిచేసి వారిని కూర్చుండబెట్టిరి. సంఘమును సంస్కరింప వచ్చిన సభయే సంఘమునందలి అధికసంఖ్యాకుల భాషను ఎగతాళి చేసినది. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టి, ఆంధ్రమహాసభగా పెరిగి, 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను సిరిసిల్లలో నాలుగవ సభను జరుపుకొన్నది. సహాయము చేయ వచ్చినవాడు సహాయము పొందువాని భాషలో మాటలాడవలెనను పాఠము సిరిసిల్ల వీధులకు క్రొత్తది కాదు. నేటి వ్యసనవిముక్తి కేంద్రములలో 'అడిక్ట్', 'రిలాప్స్', 'కౌన్సెలింగ్' అను మాటలు కాగితములపైన దిగుచున్నవి. మగ్గము నడపువాడు ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొని ఇల్లు చేరుచున్నాడు. అందున్న విషయము వాని ఇంట నెవ్వరికిని తెలియదు.

సిరిసిల్ల సభ జరిగిన 1935వ సంవత్సరముననే భూగోళపు ఆవలి వైపున, అమెరికాలోని ఆక్రన్ నగరమున, ఇంకొక సంఘము పుట్టినది. మద్యమున మునిగి తేలిన బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును ఒకరితో నొకరు తమ కథలు చెప్పుకొనుట వలన ఇద్దరును మద్యమునకు దూరముగా నిలువగలిగిరి. అదియే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంస్థ. అంతకు పూర్వము 1840లో బాల్టిమోరు నగరమున ఆరుగురు త్రాగువారు కలిసి వాషింగ్టోనియన్ల సంఘమును స్థాపించి, పరుల ఉపన్యాసములు మాని తమ అనుభవములనే చెప్పుకొనిరి. ఈ సంఘములలో మందు లేదు, దండన లేదు. ఉన్నదంతయు మాట. అందును ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి రెండు నియమములు గమనింపదగినవి. ఒకటి, జీవితమంతయు త్రాగనను శపథము గాక, ఈ ఒక్క దినము త్రాగనను నిశ్చయము. రెండు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు.

ఇచ్చట చదువరులకొక సందేహము కలుగును. ఆ సంస్థలో సభ్యుడు లేచి తన పేరు చెప్పి, 'నేను మద్యరోగిని' అని తానే చెప్పుకొనును గదా. మరి పేరు పెట్టి పిలుచుట తప్పెట్లు? భేదము పిలుచువానిలో నున్నది. తోటిబాధితుల నడుమ తన నోట తాను చెప్పుకొన్న మాట ఒప్పుకోలు. అది బరువు దింపును. పరుడు వీధిలో విసరిన అదే మాట రాయి. అది బరువు పెంచును. పరులు పెట్టిన పేరును త్రోసి తమ పేరును తాము పెట్టుకొన్న 1917 నాటి బెజవాడ సభవారికి ఈ భేదము బాగుగా తెలియును.

వైద్యులును ఈ భేదమును మెల్లమెల్లగానే గ్రహించిరి. అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ 1784లో మద్యపానమును పాపముగా గాక రోగముగా వర్ణింప నారంభించెను. స్వీడను వైద్యుడు మాగ్నస్ హుస్ 1849లో దానికి 'ఆల్కహాలిజం' అని పేరు పెట్టెను. ప్రపంచారోగ్యసంస్థ 1964లో పాత మాటలను విడిచి 'ఆధారపడుట' అను అర్థము గల మాటను స్వీకరించెను. అమెరికా మానసికవైద్యుల నిర్ణయగ్రంథము 2013లో 'దుర్వినియోగము' అను శీర్షికను గూడ తొలగించెను. ఇవి వట్టి శబ్దచర్చలు కావు. 2010లో జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ అను వారొక పరీక్షను ప్రకటించిరి. మానసికచికిత్స వృత్తిగా గల ఐదువందలమందికి పైగా వారికి ఒక రోగి వృత్తాంతము నిచ్చిరి. కొందరి కిచ్చిన కాగితమున ఆతడు 'మత్తును దుర్వినియోగము చేయువాడు'. తక్కినవారి కిచ్చిన దానిలో 'మత్తు వాడుకకు సంబంధించిన రుగ్మత గలవాడు'. కథ యొక్కటే, మాట వేరు. మొదటి కాగితము చదివినవారు రోగిదే తప్పనియు, శిక్ష తగుననియు తలచుట అధికముగా కానవచ్చినది. చదువుకొన్న వైద్యుల మనస్సునే ఒక్క మాట ఇట్లు త్రిప్పగా, పొరుగింటివాని మనస్సును త్రిప్పదా? మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ శాసనము మద్య, మాదకద్రవ్యముల వలని మనోవికారములను మానసికరుగ్మతలలో చేర్చినది. శాసనము మారినది, వాడకట్టు మాట మారలేదు. అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారము మద్యముపై ఆధారపడిన 38 మందిలో ఒక్కడే ఏదో యొక చికిత్స పొందినవాడు. తక్కిన ముప్పదియేడుగురిలో 'త్రాగుబోతుల ఆసుపత్రికి పోయినా'డను పేరునకు జడిసి ఆగినవా రెందరో యోచింపుడు.

మన ప్రాంతము ఆంధ్రప్రదేశమున భాగమై యున్న దినములలో జరిగిన సారావ్యతిరేక పోరాటమును ఇచ్చట స్మరింపవలెను. నెల్లూరు జిల్లా అక్షరాస్యతోద్యమమున వయోజనుల వాచకమునందు 'సీతమ్మ కథ' యను పాఠముండెను. సారాయిని ఊరినుండి తరిమిన స్త్రీ కథ యది. దూబగుంట స్త్రీలు ఆ పాఠము చదివి, చదివినది చేసి చూపిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు దేశమంతట మ్రోగెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలినది. ఒక వాచకమునందలి కొన్ని పంక్తులు ప్రభుత్వముల పునాదులు కదల్చినవనగా భాషాశక్తికి వేరు నిదర్శన మేల? అయినను ఒక లోపము మిగిలినది. దుకాణము మూయించుటకు వాచకమున పాఠమున్నది. మానిన మగనితో మరునాటి ఉదయమున ఎట్లు మాటలాడవలెనో చెప్పు పాఠము లేదు. నిషేధము దుకాణమునకు తాళము వేసెను. తాళము తీసిన దినమున మనుష్యుని నిలుపుటకు మాట సిద్ధముగా లేదు.

మాట కప్పిపుచ్చుట వలన కలుగు కీడునకు జగిత్యాలకు పొరుగుననున్న నిజామాబాదు జిల్లా సాక్ష్యము. 2015లో అధికారులు కల్తీకల్లుపై దాడులు చేసి అమ్మకము నరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో వందలకొలది జనులు వణకుచు, మూర్ఛపోవుచు, అర్థములేని మాటలాడుచు ఆసుపత్రులు చేరిరి. 'కల్లు లేక పిచ్చి లేచినది' అని లోకులనిరి. నిజమునకు వారు త్రాగినది చెట్టునుండి దిగిన కల్లు కాదు. ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేటు వంటి నిద్రమందులు కలిపిన నీరు. వానిని హఠాత్తుగా మానినచో శరీరము తిరుగబడును. అట్టివానిని వైద్యుడు 'మాత్రలేమైన వాడుదువా?' అని యడిగిన 'లేదు, కల్లే' అనును. అబద్ధము చెప్పలేదు, మాటయే వానిని మోసగించినది. ఏండ్లకొలది త్రాగినవాడు మద్యమునైన, కల్తీకల్లునైన వైద్యుని తోడు లేక ఒక్కసారిగా విడిచిన ప్రాణాపాయము గలదు. కావున 'మగవాడవైతే నేడే మాను' అను సవాలు ఉపదేశము కాదు, అపాయము.

ఇక ఈ ప్రాంతమునకే సొంతమైన యొక గొప్ప దృష్టాంతమును విన్నవించెదము. జగిత్యాల జిల్లా కొండగట్టుపై ఆంజనేయస్వామి వెలసియున్నాడు. చైత్రమునను, వైశాఖమునను వచ్చు హనుమజ్జయంతులకు కాషాయవస్త్రములు ధరించిన దీక్షాపరులు వేలకొలది వచ్చి అచ్చట మాల విరమింతురు. దీక్ష పదునొకండు దినములు, ఇరువదియొకటి, లేక నలువదియొకటి. చలికాలమున అయ్యప్ప దీక్షయు ఇట్టిదే. ఆ దినములలో మద్యము ముట్టరాదు. నిన్నటివరకు కల్లు మండువలో ప్రొద్దుపుచ్చినవాడు నేడు చన్నీట మునిగి, నేలపై పరుండి, నలువది దినములు చుక్క ముట్టకుండును. ఇది ప్రతి ఊర మనము చూచుచున్నదే.

ఇది యెట్లు సాధ్యమైనది? దైవానుగ్రహమని భక్తు లందురు; వారి విశ్వాసమును మేము కాదనము. కాని ఆ దినములలో మనుష్యులు చేయు పనిని గూడ పరిశీలింపుడు. మాల వేసిన గడియనుండి వానిని పేరుపెట్టి పిలుచువాడు లేడు. తల్లి 'స్వామీ' అనును. భార్య 'స్వామీ' అనును. నిన్న తిట్టిన సేటు గూడ 'స్వామీ, నేటి వంతునకు వత్తురా?' అని యడుగును. పాత మిత్రుడెదురైన నమస్కరించి తొలగిపోవును గాని 'ఒక్క గ్లాసు' అనడు. సాయంకాలము భజనలో వానివంటివారే పదిమంది. తడబడినచో చెప్పుకొనుటకు గురుస్వామి గలడు. పేరు, తోడు, కాలనియమము, పెద్దదిక్కు, పరిహాసము లేకుండుట: ఆక్రన్ నగరపు సంఘము కూర్చిన సాధనము లన్నియు మన పల్లెవారు ఏ గ్రంథమును చదువకయే కూర్చుకొన్నారు. రమజాను మాసమున రోజా పాటించు మహమ్మదీయ సోదరుల వాడలలోను ఇంచుమించు ఇట్టి కట్టుబాటే కానవచ్చును. వానిని నిలిపినది మెడలోని మాల యెంతయో, చుట్టునున్న నోళ్లలోని మాటయు అంతయే.

కాని నలువదిరెండవ దినమున ఏమగుచున్నది? మాల దిగినది, స్వామి దిగిపోయినాడు. ఇంటి ముంగిట మిత్రులు సిద్ధము: 'నలువది దినములు ఎండినావు, ఇక దావతు ఎప్పుడు?' ఆ రాత్రి వాడు త్రాగును. మరునాడు అదే మిత్రులు 'వీని సంగతి తెలిసినదేగా, కుక్కతోక వంకర' అందురు. గల్ఫునుండి వచ్చువాని కథయు నిట్టిదే. మద్యనిషేధము గల దేశమున రెండేండ్లు త్రాగక పనిచేసి వచ్చినవానికి విమానము దిగిన మొదటివారముననే 'దుబాయి పోయి వచ్చి దావతియ్యవా?' అను ప్రశ్న యెదురగును. ఈయకున్న పిసినారి, ఇచ్చిన త్రాగుబోతు. మనము నలువది దినములు ఇచ్చిన మాటసాయమును నలువదిరెండవ నాడు లాగికొని, పడినవానిదే తప్పనుచున్నాము.

ఈ ప్రాంతపు వాడుకలో 'త్రాగుడు బందు పెట్టినాడు' అనుట పరిపాటి. బందు అనగా మూయుట. మూసిన తలుపు తెరచుకొన్న, మూసినదంతయు వ్యర్థమైనట్లే తోచును. ఆరు మాసములు త్రాగనివాడు ఒక్కనాడు త్రాగిన, 'బందు లేదు, ఏమి లేదు' అని ఆ ఆరు మాసములను గూడ లెక్కనుండి కొట్టివేయుదుము. 'మానుట' అట్టి మాట కాదు. రేగిన పుండు మొదటినుండి పుట్టిన క్రొత్త పుండు కాదు. మానిన భాగము మానియే యున్నది. ఆరు మాసములు త్రాగక యుండుట వాడు సంపాదించిన ధనము. ఒక్కనాటి తప్పునకు ఆ ధనమును జప్తుచేయు అధికారము మనకు లేదు.

రెండాక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది: మెత్తని మాటలు త్రాగువానిని మరింత చెడగొట్టును, ఇంట దెబ్బలు తినిన ఇల్లాలు గూడ వానిని గౌరవింపవలెనా? ఈ ఆక్షేపణ గట్టిది. బీడీలు చుట్టి తెచ్చిన కూలిని లాగికొని త్రాగి, పైన కొట్టినవాని పని నేరము. నేరమును నేరమనియే చెప్పవలెను. ఆ ఇల్లాలికి దుఃఖము వచ్చినపుడు ఏ మాటయైన వచ్చును. ఆమె నోటికి నీతిసూత్రములు కట్టు హక్కు మాకు లేదు. మేము కోరునది సంఘమును. దెబ్బ తినక, బాధ పడక, వినోదమునకై వానిని వెక్కిరించు నలుగురిని. 'నీవు నిన్న చేసినది తప్పు' అను మాట సరియైనది. 'నీ బుద్ధి పుడకలతో గాని పోదు' అను మాట వానికి చితిని చూపును గాని దారిని చూపదు.

రెండవది: అప్పులు, పండ్రెండు గంటల వంతు, చాలని కూలి వానిని త్రాగించుచుండగా మాటలతో నేమగును? ఇదియు సత్యమే. మాట వైద్యుని బదులు కాదు, కూలి బదులును కాదు. అయినను ఇచ్చటను మాటకు పని యున్నది. నేతకార్మికుడు ప్రాణము తీసికొన్నపుడు 'మద్యమునకు బానిసై' అని ఒక్క వాక్యము వ్రాసి ముగించిన వార్తలను మనము చదివినాము. ఆ రెండు మాటలు చాలును: అప్పు కనబడదు, నూలు ధర కనబడదు, ఆగిన మగ్గము కనబడదు, దిక్కులేక మిగిలిన పిల్లలును కనబడరు. చచ్చినవాని మీద నింద, బ్రదికినవారికి నిర్దోషిత్వము. కరుణ లేని మాట కారణమును గూడ దాచునని దీనివలన తెలియుచున్నది.

కావున మేము కోరునవి పెద్ద పనులు కావు. మహిళాసంఘముల కూటమిలో మానుచున్నవాని ఇంటివారికి అయిదు నిమిషములు చెప్పుకొను వీలు కల్పింపుడు. వ్యసనవిముక్తి కేంద్రమున ఇచ్చు కాగితము తెలుగున, ఇల్లాలు చదువగల తెలుగున ఉండనిండు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ సేవ 14416 సంఖ్యకు పిలిచిన తెలుగుననే పలుకునని ఊరి నలుగురికి చెప్పుడు. దావతు లడుగుట మానుడు. అడుగకుండ రాని స్నేహము స్నేహమే కాదు. వార్తలు వ్రాయువారు బానిస యను మాటను ఒక్కమారు కలము ఆపి యోచింపుడు. నలువదిరెండవ నాడును వానిని అన్నా యనియో, కాకా యనియో, బాపూ యనియో వరుసపెట్టి, మాల నాటి మన్ననతోనే పిలువుడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన సామెత. ఆ ఊరు మంచిదైన వాడును మంచివాడగుటకు చోటుండును.

అన్నిటికన్న సులభమైనది తుదకు చెప్పెదము. పుండును గూర్చి మనము 'మానుచున్నది' అందుము. మనుష్యుని గూర్చి 'మానినాడా, లేదా?' అని నిలదీయుదుము. ఒకదానికి జరుగుచున్న కాలము, మరియొకదానికి గడచిన కాలము. ఇకనుండి పొరుగువాడు అడిగినపుడు ఆ ఇంటి తల్లి తలవంచుకొనక 'మానుచున్నాడు' అని చెప్పగలిగిన చాలును. అడిగినవాడు ఆ మాటను విని, నవ్వక, 'మంచిది తల్లీ' అని సాగిపోయిన మరియు చాలును.